మునగచిగురు పథ్యం

అనగనగా ఒక అడవిలో, ఊరి పొలిమేరకు ఆనుకున్న అంచున, ముద్దుపలుకు అనే చిలుక ఉండేది. బడికి పోయిన చిలుక కాదు. ఊళ్లో అంగన్‌వాడీ కిటికీ మీద వాలి, లోపల తల్లులకు చెప్పే మాటలన్నీ వినేది. చదువు గోరంత, వాగుడు కొండంత. అచ్చం మీకీ కథ చెబుతున్న నాలాగే అనుకోండి.

ఆ అడవిలోనే కొండముచ్చుల గుంపు ఒకటుంది. గుంపుకు పెద్దది నాగరత్నం. ఆమె కోడలు సింగారికి కొత్తగా బిడ్డ పుట్టాడు. వాడి పేరు బుడంకాయ.

ముద్దుపలుకు రెక్కలు దులుపుకుని కొమ్మెక్కింది. "తల్లులారా! బాలింతకు పౌష్టికాహారం అత్యవసరం!" అంది.

నాగరత్నం బుగ్గ గోక్కుంది. "అది ఏ చెట్టుకు కాస్తుందే? మన అడవిలో ఎప్పుడూ చూళ్లేదు."

గుంపంతా తోకలూపుతూ నవ్వింది. చిలుకకు తల కొట్టేసినట్టయింది.

నాగరత్నం కోడలికి పథ్యం పెట్టింది. "పచ్చాకు తింటే బిడ్డకు జలుబు. పండు తింటే బిడ్డకు విరేచనం. నీళ్లు తాగితే నీ పొట్ట జారుద్ది. నోరు కట్టుకో!" అని ఎండుచిగుళ్లు నాలుగు, గుక్కెడు నీళ్లు ఇచ్చేది. సింగారి పెట్టిందే తిని సరిపెట్టుకునేది. పాలు తగ్గిపోయాయి. బుడంకాయ ఏడుపు కూడా సన్నబడింది.

కొండముచ్చు పిల్లకు పట్టే ప్రాణం. తల్లి కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంటే, పొట్టను కరుచుకుని ఉండాలి. బుడంకాయ వేళ్లలో ఆ పట్టు లేదు.

ముద్దుపలుకు ఆగలేకపోయింది. "నాగరత్నం అత్తా! నీ పథ్యమే వాణ్ణి చంపుతోంది!"

"కిటికీ పంతులమ్మా! నలుగురిని కన్నదాన్ని, నాకు చెప్తావా?" అని నాగరత్నం వెలక్కాయ తీసి విసిరింది. చిలుకకు తోక ఈకలు రాలాయి. ఇక ఈ గుంపు జోలికి పోనని ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే సింగారి కొమ్మ మారింది. బుడంకాయ పట్టు జారింది. గాల్లో ఉండగానే వాడి కాలు నాగరత్నం చేతికి దొరికింది.

నాగరత్నం వాణ్ణి గుండెకు హత్తుకుంది. "నా పెద్దాడు కూడా ఇలాగే జారాడు," అంది మెల్లగా. "అప్పుడు నా చెయ్యి అందలేదు. దిష్టి అనుకున్నాను."

ఒట్టు గట్టున పెట్టి, ముద్దుపలుకు వచ్చి పక్కన వాలింది. ఈసారి పెద్ద మాటలేవీ తేలేదు.

"అత్తా, పథ్యమంటే ఏంటే?"

"అదీ తెలీదా? బాలింతకు బలమిచ్చే తిండి."

"మరి సింగారికి బలమొచ్చిందా?"

నాగరత్నం కోడలి వైపు చూసింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"పథ్యం మానమనట్లేదు," అంది చిలుక. "మార్చమంటున్నా. పొలిమేర మునగచెట్టుకు లేతాకు దండిగా ఉంది. అదే పథ్యమను. పండూ పెట్టు. దాహమైనన్ని నీళ్లు తాగనీ."

నాగరత్నం లేచి వెళ్లి మునగకొమ్మ విరుచుకొచ్చింది. "తినవే పిల్లా, ఇదీ పథ్యమే," అంది. సింగారి ఆబగా తిన్నది. నాగరత్నం పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

సింగారికి పాలు పడ్డాయి. కొన్నాళ్లకు బుడంకాయ చిలుక తోక పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. మళ్లీ మొలిచిన ఈకలు మళ్లీ రాలాయి.

ఒకరోజు చిలుక వచ్చేసరికి బాలింతలందరినీ కూచోబెట్టుకుని నాగరత్నం చెబుతోంది: "మునగచిగురు పథ్యం మా అత్తగారి నాటిదర్రా! ఎవరూ తప్పకూడదు!"

'అది నేను చెప్పింది కదా!' అనబోయి ముద్దుపలుకు ముక్కు తెరిచింది. తల్లులందరి చేతుల్లో పచ్చటి ఆకు కనబడింది. వాళ్ల పొట్టలను పిల్లలు గట్టిగా కరుచుకుని ఉన్నారు.

తెరిచిన ముక్కు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

నీతి: మంచి మాట ఎవరిదన్నది కాదు, వినేవాళ్ల మాటగా మారి వాళ్ల కడుపు నింపిందా లేదా అన్నదే ముఖ్యం.