నడి ఏట్లో నూనె మార్చిన బంగారయ్య

అనగనగా అనగానే అందరికీ రాజుగారి కోట గుర్తొస్తుంది. ఈ కథలో రాజూ లేడు, కోటా లేదు. ఉన్నదల్లా గోదావరి పాయలో ఒక నాటుపడవ, దాని వెనక బిగించిన ఇంజను, పడవ నిండా బాతులు.

ఆ బాతుల యజమాని బంగారయ్య. అతని భార్య మంగాయమ్మ. సముద్రం దగ్గర చిన్న పల్లె వాళ్ళది. ఏటా సార్వా వరి కోతలయ్యాక బాతుల్ని పడవకెక్కించి ఎగువ ఊళ్ళకు తీసుకుపోయి, కోసిన చేలల్లో రాలిన గింజలు మేపడమే వాళ్ళ బతుకు. బాతులు నడిచి వెళ్ళలేవా అంటే వెళ్ళగలవు. కాని బాతు నడక మీకు తెలిసిందే. చేరేసరికి చేలు మళ్ళీ పచ్చబడతాయి.

ఆ ఏడు ఎగువ రైతు సూర్రాజుగారు ముందే కబురు పెట్టాడు. "బుధవారం పొద్దుగూకేదాకా నీకోసం చేను ఆపుతాను. ఆ తరవాత రెండో పంట దాళ్వాకు దమ్ము చెయ్యడానికి ట్రాక్టరు దించేస్తాను. నన్ను అనుకుని లాభం లేదు."

ఆ చేను దక్కకపోతే బాతులకు ఆ చలికాలం గింజ లేదు. గింజ లేకపోతే గుడ్డు లేదు. గుడ్డు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

బంగారయ్యకు ఇంజనంటే ప్రాణం. దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మందారపువ్వు తురిమేవాడు. తనకు జ్వరమొస్తే మంగాయమ్మ కేకలేస్తేగాని మందు మింగడు. బుజ్జమ్మ ఒక్కసారి దగ్గితే మాత్రం అతనికి అన్నం దిగదు.

పడవ బయలుదేరేటప్పుడే మెకానిక్కు చెప్పాడు. "ఈసారి దారిలోనే ఆయిల్ మార్చే వేళ వస్తుంది. పాతది మొత్తం దింపేసి కొత్తది పొయ్యి." కొత్త ఆయిల్ డబ్బాలు పడవలో పెట్టించాడు కూడా.

బంగారయ్యకు ఆ పని చేతకాక కాదు, మనసొప్పలేదు. వాళ్ళమ్మ కార్తీకమాసమంతా అఖండదీపం పెట్టేది. ప్రమిదలో నూనె తగ్గితే పొయ్యడమేగాని, ఒంపెయ్యడమనేది ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. బుజ్జమ్మ కడుపు ఖాళీ చెయ్యడమంటే దీపం ఆర్పేసినట్టే అనిపించింది అతనికి.

మొదటిరోజే ఇంజను కీచుమని కూసింది. పడవ ఒడ్డుకు పట్టి, చల్లారనిచ్చి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు. కాటుకలా ఉంది.

"పాపం, దాహమేసింది" అని కొత్త ఆయిల్ కొంచెం కలిపాడు.

"దింపి పొయ్యమన్నాడు కదయ్యా" అంది మంగాయమ్మ.

"కొత్తది కలిస్తే పాతదీ కొత్తదవుతుందే. పాలలో తోడేసినట్టు."

"పులిసిన మజ్జిగతో తోడేస్తే ఏమవుతుందో కూడా నేనే చెప్పాలా?"

రెండోరోజు మళ్ళీ కూసింది. ఈసారి అగరొత్తులు వెలిగించాడు, నిమ్మకాయ కట్టాడు, ఇంకొంచెం ఆయిల్ పోశాడు. అగరొత్తులు ఆరిపోయాక కూడా పొగ ఆగలేదు. చూస్తే అది బుజ్జమ్మ పొగ.

బుధవారం పొద్దున నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. పడవ ఏటివాలుకు వెనక్కి జారింది. ఇద్దరూ గెడలేసి ఎలాగో ఇసుకతిన్నెకు చేర్చారు. బంగారయ్య కాలుతున్న ఇంజను మీదే చెయ్యి వేసి, "నీకు నేనేం తక్కువ చేశానే తల్లీ" అన్నాడు.

అప్పుడు బాతుల్లోకెల్లా ముసలిది, దొరసాని, అతని పక్కకు వచ్చి కూర్చుంది. బాతులు మాట్లాడతాయా అని అడిగేవాళ్ళు ఒక్కరోజు బాతుల పడవెక్కి చూడాలి. అవి మాట్లాడనిదెప్పుడు?

"నాయనా, కిందటి వేసవిలో నా ఒంటిమీద ఈకలున్నాయా?" అంది దొరసాని.

"ఎక్కడివి? అన్నీ రాల్చేసుకున్నావుగా."

"గుడ్డు పెట్టానా?"

"ఒక్కటీ లేదు."

"మరి నన్నేం చేశావు?"

"ఏం చేస్తాను? గంప కింద నీడన కూర్చోబెట్టి నూకలు పెట్టాను."

"పాత ఈకలకే పసుపు రాసి గుడ్డు పెట్టమనలేదేం?"

బంగారయ్య బుజ్జమ్మకు తను రాసిన పసుపు వంక చూశాడు.

"అవి రాలితేనే ఇవి మొలిచాయి" అంది దొరసాని, రెక్క విప్పి చూపిస్తూ. "దానికీ ఒక పూట ఇవ్వు నాయనా."

"ఈ పూట పోతే చేను పోతుందేమోనే."

"ఇవ్వకపోతే ఈ తిన్నె మీద మేపుతావా మమ్మల్ని?"

బంగారయ్య లేచాడు. ఇంజను కింద బేసిను పెట్టి బోల్టు విప్పాడు. నల్లటి నూనె వేడివేడిగా దిగుతుంటే, బిడ్డకు చెవులు కుట్టిస్తున్న తండ్రిలా మొహం తిప్పుకున్నాడు. అంతా దిగాక ఆ బేసిను ఏట్లో ఒంపబోయాడు. మంగాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ ఈదేదెవరయ్యా? ఈ జిడ్డు ఈకలకు అంటితే బాతు మునిగిపోతుంది."

అతను నాలిక్కరుచుకుని, ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించాడు. బోల్టు బిగించి, తేనెరంగు కొత్త నూనె పుల్ల మీది గీతదాకా పోశాడు.

అటుగా పోతున్న ఇసుకపడవ వాళ్ళు కేకేశారు. "ఏం బంగారయ్యా, నడి ఏట్లో తలంటా?"

"అవునయ్యా, మా అమ్మాయికి" అన్నాడు బంగారయ్య, తల ఎత్తకుండానే.

తాడు లాగాడు. ఒక దగ్గు దగ్గి, బుజ్జమ్మ అందుకుంది. పొగ పల్చబడి పోయింది. ఆ చప్పుడు విని మంగాయమ్మ నవ్వింది. బాతులన్నీ ఒకేసారి ఏదో అన్నాయి. ఆ తరవాత ఇంజను ఒక్కసారి కూడా కూయలేదు.

ఎగువ ఊరు చేరేసరికి ఎండ కొబ్బరి మట్టల చివర్లకు పాకింది. గట్టుమీద ట్రాక్టరు పక్కన సూర్రాజుగారు నిలబడి ఉన్నాడు.

"రావనుకున్నానయ్యా."

"పొద్దింకా గూకలేదండి" అన్నాడు బంగారయ్య, పడమటికి చూపిస్తూ.

సూర్రాజుగారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూసి, ట్రాక్టరును వెనక్కి పంపేశాడు. పడవ నుంచి గట్టుకు పలక వెయ్యగానే బాతులు బిలబిలమంటూ చేలోకి దిగాయి. అన్నిటికన్నా ముందు దొరసాని. వెనక్కి చూడనైనా చూడలేదు, ఆకలిగదా.

బంగారయ్య మాత్రం పడవలోనే ఆగి బుజ్జమ్మ మీద చెయ్యి ఆనించాడు. బొట్టు దిద్దడానికి కాదు, ఒళ్ళు చల్లబడిందో లేదో చూడటానికి.

కనుక పిల్లలూ, మనల్ని మోసేవాళ్ళకు దండం పెడితే సరిపోదు. వాళ్ళకోసం మన ప్రయాణాన్ని ఒక పూట ఆపుకోవడమే అసలైన ప్రేమ.