అయ్యగారి కోసం ప్రార్థన

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ రత్నమణి లేచి నిలబడింది.

"పోయిన నెల నాకు నిద్ర పడుతోందని ఇక్కడే సాక్ష్యం చెప్పాను. అది నిజం కాదు. ఆశీర్వాదం అన్నయ్య నాకోసం అంత ప్రార్థన చేశాక తగ్గలేదని చెప్పడానికి నోరు రాలేదు. సలోమి అక్క కూర్చోబెట్టుకుని నా గోడు విన్నాక, ఇప్పుడు నిజంగానే పడుకుంటున్నాను."

మందిరం బయట పాటల బృందం ప్రభుదాసు ఆశీర్వాదం భుజం తట్టాడు. "ఏం తమ్ముడూ, నీ ప్రార్థన నూనె ఇక పోపుకేనా?"

ఆశీర్వాదం నవ్వలేదు. ఏళ్ళ తరబడి పాస్టరు అయ్యగారి వెంట తిరిగి, ఉపవాసాలుండి సేవ చేసింది తను. పట్నంలో మనస్తత్వశాస్త్రం, కౌన్సెలింగ్ చదువుకుని నిన్నగాక మొన్న వచ్చిన ఈ సలోమికి పేరు. రేపు అయ్యగారి తర్వాత ఈ సంఘాన్ని కూడా ఈమె చేతిలోనే పెడతారేమో. ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం పాస్టరు జ్ఞానానందం అయ్యగారి ఇంటికి వెళితే, వరండాలో సలోమి ముందే కూర్చుని ఉంది. అది చూసి ఇంకా మండింది.

"దేవుడు చాలడా అయ్యగారూ మనకి? ఈమె కళ్ళు మూయదు, బైబిలు తెరవదు. ఊరికే ప్రశ్నలు వేస్తుంది."

"ఏమీ అడక్కుండా తల మీద చెయ్యి పెట్టేస్తే మేలా అన్నా?" అంది సలోమి.

అయ్యగారు ఎవరినీ వారించలేదు. "నాకోసం ప్రార్థన చెయ్యి నాయనా," అని తల వంచారు.

ఆశీర్వాదానికి ప్రాణం లేచొచ్చింది. అయ్యగారి మోకాళ్ళ నొప్పులు ఊరంతా ఎరిగినవే. గొంతెత్తి ఆ నొప్పులను గద్దించాడు. ముగించేసరికి చొక్కా తడిసింది.

"ఆమెన్," అన్నారు అయ్యగారు. సలోమి వైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వు చూడమ్మా."

సలోమి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఏం బాధ అయ్యగారూ?"

ఆయన కండువా అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. ఆమె తొందరపెట్టలేదు.

"మీ పాస్టరమ్మగారు పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదమ్మా. పొద్దున్నే మోకరిస్తాను. మాట పెగలదు. మందిరంలో చేసేదంతా అలవాటు కొద్దీ చేస్తున్నాను."

ఆశీర్వాదం కొయ్యబారిపోయాడు. రోజూ ఆయనతో కలిసి కాఫీ తాగే మనిషి. ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట ఆయన తనతో కాక ఆమెతో చెప్పారు.

సలోమి ఇంకేదో అడిగింది. చెబుతూ చెబుతూ అయ్యగారు కండువాలో ముఖం దాచుకున్నారు. ఆమె కళ్ళూ నిండాయి.

"ఇక్కడి నుంచి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు అయ్యగారూ," అంది మెల్లగా.

ఆయన ముఖం తుడుచుకుని శిష్యుడి వైపు చూశారు.

"ఇప్పుడు చెయ్యి నాయనా."

ఆశీర్వాదం లేచి ఆయన ముందుకు వచ్చాడు. తల మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు.

ఆ తర్వాత మాట రాలేదు.