తల దించని చుక్కమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏడాది పొడవునా ముక్కు మూసుకుపోయే దుప్పి ఒకటి ఉండేది. పేరు చుక్కమ్మ. నవ్వకండి పిల్లలూ! నుదుటి మీద బండ పెట్టినంత బరువు, కళ్ల వెనక పోటు. పడేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

చుక్కమ్మ ఉండే మందకో కట్టుబాటు ఉంది. పొద్దున్నే మేతకు వెళ్లేముందు ముగ్గురు ఆడదుప్పులు క్రూరమృగాల జాడ కోసం మూడు వైపులా గాలి వాసన చూడాలి. ముగ్గురూ "గాలి మంచిదే" అంటేనే మంద పొదలు దాటాలి. ఏటివైపు కాపలా చుక్కమ్మ తల్లిది. తల్లి పోయాక చుక్కమ్మకు వచ్చింది.

వాసన తెలియని రోజు ఆ సంగతి చెప్పడానికి చుక్కమ్మకు సిగ్గు. పక్కవాళ్లు అనగానే తనూ "మంచిదే" అనేసేది. ఇక రోజంతా ఎవరికేం ముంచుకొస్తుందోనని చాటుగా కుమిలిపోయేది.

సలహాలకేం, వద్దన్నా వచ్చాయి. కోతి "మిరియాలు నమలవే" అంది. నమిలింది. కాస్త తెరిపినిచ్చి మళ్లీ మొదలు. ఎలుగుబంటి "వేడినీటి ఊట దగ్గర ఆవిరి పట్టు తల్లీ" అంది. పట్టింది. ఓ పూట హాయి, మళ్లీ మామూలే. కుందేలైతే "నీకేం రోగం లేదు, అంతా నీ అనుమానం" అని తేల్చేసింది.

చుక్కమ్మకు ఒళ్లు మండింది. "నాకు నొప్పి ఉందో లేదో నిన్నడిగి తెలుసుకోవాలా? పోవే!" అంది. అనేశాక ఎందుకో మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున ముక్కు పూర్తిగా బిగుసుకుపోయింది. మిగతా ఇద్దరూ "గాలి మంచిదే" అన్నారు. మంద అంతా చుక్కమ్మ వైపు చూసింది.

"నాకు వాసన తెలియడం లేదు. ఏటివైపు ఇంకొకరిని నిలబెట్టండి" అంది చుక్కమ్మ.

మందపెద్ద పోలమ్మ మండిపడింది. "మీ అమ్మ పరువు తీస్తున్నావే! ఒక్క మాట అనడానికేం? ఇన్నాళ్లూ అన్నావుగా?"

చుక్కమ్మ తల దించలేదు. "ఇన్నాళ్లూ తెలియకపోయినా అన్నాను పెద్దమ్మా. ఇక అనను. ముక్కు మూసుకుపోవడం నా తప్పు కాదు. మందలోంచి తరిమేసినా సరే, తెలియనిది తెలుసని చెప్పను!"

పోలమ్మ విసుక్కుంటూ చుక్కమ్మ చెల్లెలు మల్లిని ముందుకు నెట్టింది. మల్లి మూతి పైకెత్తింది. అంతే, ఒళ్లంతా బిగుసుకుపోయింది.

"పులి! ఏటి గడ్డిలో పులి!"

మంద వెనక్కి మళ్లి గుట్టెక్కింది. ఒక్క పిల్లకు కూడా ఏమీ కాలేదు.

పోలమ్మ రొప్పుతూ చుక్కమ్మ దగ్గరికొచ్చింది. "నీ బాధ ఇంతని తెలియదే తల్లీ. ముక్కు తెరుచుకున్న రోజు చెప్పు, నీ చోటు నీకిచ్చేస్తా."

"తెరుచుకోని రోజు కూడా చెప్తాను పెద్దమ్మా. ఆ రోజు వాసన మల్లి చూస్తుంది, చోటు మాత్రం నాదే" అంది చుక్కమ్మ.

పోలమ్మ సరేనని తలూపింది.

మర్నాడూ ముక్కు తెరుచుకోలేదు. చుక్కమ్మ ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పింది. ఏటివైపు మల్లిని నిలబెట్టింది. మల్లి "మంచిదే" అనగానే, తుమ్ముకుంటూనే, మంద ముందు తనే నడిచింది.

నీతి: జబ్బు ఉండటం సిగ్గుచేటు కాదు. దాన్ని దాచి నటించమనే వాళ్ల మాట వినడమే ముప్పు.