దీవెనమ్మ పిడికెడు బియ్యం

నాలుగు నెలలుగా జెకర్యాకి ప్రార్థన రావడం లేదు.

మాటలకేం కొదవ లేదు. వేదాంత కళాశాలలో ప్రార్థన మీద పెట్టిన పరీక్షలో అతనే మొదటివాడు. ఆదివారం గుడిలో నిలబడితే ఇప్పటికీ పావుగంట తడుముకోకుండా ప్రార్థన చెయ్యగలడు. ఆ పావుగంటలో ఒక్క మాటైనా పైకప్పు దాటి వెళ్తుందన్న నమ్మకమే పోయింది.

నిజాంపట్నం వైపు సముద్రపొడ్డున ఉన్న ఒక చిన్న సంఘానికి గమలీయేలు అయ్యగారు ముప్పై ఏళ్లుగా పాస్టరు. ఆయన దగ్గర పని నేర్చుకోమని జెకర్యాని పట్నం నుంచి పంపించి రెండేళ్లయింది. ఊళ్లోవాళ్లు ఆయన్ని పెద్దయ్యగారనీ, ఇతన్ని చిన్నయ్యగారనీ పిలుస్తారు. పెద్దయ్యగారి భార్య ప్రభువునందు నిద్రించి చాలాకాలమైంది. ఇద్దరూ కలిసే వండుకుంటారు.

ఒక శుక్రవారం పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. జెకర్యా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాకు నలభై రోజులు సెలవు కావాలి. ప్రార్థన కొండకి వెళ్లి ఉపవాసముంటాను."

"ఆ తరవాత?"

"అక్కడ కూడా ఆయన మాట్లాడకపోతే ఈ పని మానేస్తాను." జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. "బిషప్పుగారికి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. లోపల ఏమీ లేకుండా జనం ముందు నిలబడి వాళ్లని మోసం చెయ్యలేనండి."



గమలీయేలు అయ్యగారు ఉత్తరం కోసం చెయ్యి చాపలేదు. దారం కొరికి, సూదిని భద్రంగా డబ్బాలో పెట్టుకున్నారు.

"సోమవారం వెళ్దువుగాని. రేపు పిడికెడు బియ్యం తెచ్చే రోజు. ఎప్పుడూ తెచ్చే సలోమమ్మకి జ్వరం. నువ్వు వెళ్లిరా."

ఆ ఊరి క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో బియ్యం పొయ్యకముందు ఒక పిడికెడు తీసి పక్కన దాస్తారు. నెలకోసారి సంఘం నుంచి ఒకరు సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసుకొస్తారు. పెద్దయ్యగారింట్లో ఉడికేది ఆ బియ్యమే. మిగిలింది లేనివాళ్లకి వెళ్తుంది. జెకర్యాకి ఈ పద్ధతి మొదట్నుంచీ నచ్చదు. రకరకాల బియ్యం కలవడంతో అన్నం ఒకచోట పలుకు, ఒకచోట ముద్ద. పైగా ఏదో నీచు వాసన. ఒకసారి ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచం పక్కకి నెట్టేశాడు కూడా. "ఈ రోజుల్లో ఇదేం అలవాటండీ" అని సంఘ పెద్దల ముందే అన్నాడు. 

శనివారం సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. ఒకరింట్లో సీసా, ఒకరింట్లో పాలపొడి డబ్బా, ఒకరింట్లో అంచు విరిగిన కూరకుండ. ఏ ఇంటికెళ్లినా ఇల్లాలు బియ్యం సంచీలో వంచి, తలమీద కొంగు కప్పుకుని, "ప్రార్థన చెయ్యండయ్యగారూ" అనేది. జెకర్యా చేశాడు. పదో ఇంటికొచ్చేసరికి తన గొంతు మీద తనకే విసుగొచ్చింది.

ఆఖరి సందులో ఒక్కటే ఇల్లు, దీవెనమ్మది. చేపలు ఎండబెట్టే చోట కూలికి పోతుంది. మొగుడు లేడు. కూతురు అత్తారింట్లో ఉంటుంది. మొన్న రేషను షాపు దగ్గర, "ఈ నెల నాకే చాలేట్టు లేవమ్మా" అని ఎవరితోనో అనడం జెకర్యా విన్నాడు. అలాంటి మనిషి దగ్గర బియ్యం పట్టుకురావడానికి అతనికి మనసొప్పలేదు. సందు మొదట్లోంచే వెనక్కి తిరిగాడు. ఈ రోజు తను చేసిన మంచిపని ఇదొక్కటే అనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. గమలీయేలు అయ్యగారు చాప పరిచి సంచీ బోర్లించారు. కుప్పలో చెయ్యిపెట్టి, గుప్పెడు తీసి వాసన చూశారు. ఇంకోవైపు నుంచి ఇంకో గుప్పెడు తీశారు.

"దీవెనమ్మవి ఏవి?"

జెకర్యా తెల్లబోయాడు. "మీకెలా తెలుసు?"

"ఎండుచేపల వాసన రావడం లేదు."

"ఆమెకే తినడానికి లేవండి. ఉంచుకుంటుంది కదా అని నేనే వెళ్లలేదు."

పెద్దాయన మొహం మాడిపోయింది. రెండేళ్లలో ఆయన్ని అలా చూడటం జెకర్యాకి అదే మొదలు. ఆయన చాపమీది బియ్యమంతా మళ్లీ సంచీలోకెత్తి మూతి కట్టేశారు.

"వెళ్లి తీసుకురా. నువ్వొచ్చాకే పొయ్యి వెలిగేది."

ఎండలో మళ్లీ నడిచాడు. దీవెనమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొహం కడుక్కుని, గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ఒళ్లో చిన్న మట్టికుండ. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"నేనేం తప్పు చేశానయ్యా?" అంది అతన్ని చూడగానే.

"తప్పేంటమ్మా?"

"ప్రభువు బల్లకి దూరం పెట్టినోళ్ల ఇంట్లోనే గదా బియ్యం ముట్టుకోకుండా పోతారు. మా యత్త నాడు ఒకామెని అట్టనే ఒదిలేసి పోతే, మళ్లీ ఆమెకి రొట్టీ లేదు, ద్రాక్షారసం లేదు. మీరు సందు మొదట్లో ఎనక్కి తిరగటం చూశాను. నా గుండెకాయ జారిపోయింది."

జెకర్యాకి నిలువునా సిగ్గేసింది. ఊరి పద్ధతి అతనికి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

"తప్పు నాదమ్మా. మీరేం చెయ్యలేదు. మీకే చాలవని విని, ఉంచుకుంటారని..."

దీవెనమ్మ ఊపిరి వదిలింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"నా కడుపు సంగతి నేను జూసుకుంటా. ఇయ్యి ఉంచుకోటానికి నాయి గాదుగా? పిడికెడు తీసి ఒకళ్ల పేరు చెప్పుకుని దేవుణ్ణి అడిగి, అప్పుడు కుండలో ఏస్తాం. అట్టా ఏసినయ్యి నేనెట్టా వండుకు తింటాను?"

"ఎవరి పేరు?"

"నిరుడంతా మా పిల్ల కాన్పు కోసం. ఈ నాలుగు నెల్ల నించీ మీ పేరే."

జెకర్యా గుమ్మం పట్టుకున్నాడు. తన సంగతి నిన్నటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

"మీకెవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? మీ ప్రార్థన పొడుగైపోయిందిగా." బొటనవేలితో చూపుడువేలి కొసని కొలిచి చూపించింది. "వచ్చిన కొత్తలో ఇంతుండేది. హాయిగా ఉండేది. లోపల బాగున్న మనిషి అంతసేపు మాట్లాడడు లే అయ్యగారూ. మా ఆయన పోయినప్పుడు నేనూ అట్టనే, గోడతో కూడా మాట్లాడేదాన్ని."

లేచి కుండ వంచింది. అడుగునున్న గింజలు కూడా వేలితో తుడిచి సంచీలో వేసింది. ఎండుచేపల వాసన గుప్పుమంది. రెండేళ్లుగా రోజూ కంచంలో వచ్చిన వాసనే.

ఆమె కొంగు తలమీద కప్పుకుంది. "ప్రార్థన చెయ్యండయ్యా."

జెకర్యా కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు. తరవాతి మాట రాలేదు. మళ్లీ "ప్రభువా" అన్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. దీవెనమ్మ తల వంచుకుని అలాగే ఉంది. ఎండ వాళ్ల కాళ్లమీదకి వచ్చింది.

చివరికి ఆమే "ఆమేన్" అంది.

"ఇయ్యాల బాగా చేశారు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

అతను తిరిగొచ్చేసరికి గమలీయేలు అయ్యగారు పొయ్యిలో పుల్లలు పేర్చి, ఎసట్లోకి నీళ్లు పోసి కూర్చున్నారు. దీవెనమ్మ బియ్యం వాసన చూసి తల ఊపారు. చాపమీద అన్నిటితో కలిపి చేత్తో కలియబెట్టారు.

"పొయ్యి రాజెయ్యాలి. కాగితం ముక్కేమైనా ఉందా?"

 జెకర్యా జేబులో చెయ్యి పెట్టాడు. మడత విప్పకుండానే కాగితం పుల్లల కిందికి తోశాడు. మంట తొందరగానే అంటుకుంది.

ఎసరు మరిగింది. ఇద్దరికి సరిపడా బియ్యం గిన్నెలోకి తీసుకుని కడగబోతూ జెకర్యా ఆగాడు. ఆ ఇంట్లో రోజూ పిడికెడు తీసేది పెద్దయ్యగారే. అది పెద్దవాళ్ల చాదస్తమని అతననుకునేవాడు.

ఒక పిడికెడు తీశాడు. గుప్పిట మూసి గుండెకి ఆనించుకుని, కళ్లు మూసుకున్నాడు. పెదవులు మెల్లగా కదిలాయి. ఏ పేరో బయటికి వినబడలేదు.

నీళ్లు మరిగి మరిగి సగానికి దిగాయి. అతనింకా కళ్లు తెరవలేదు. గమలీయేలు అయ్యగారికి పొద్దుటి నుంచీ కడుపులో ఏమీ లేదు. అయినా చప్పుడు కాకుండా ఇంకో చెంబు నీళ్లు ఎసట్లో పోసి, మండుతున్న కట్టె ఒకటి బయటికి లాగారు.