రెండో గ్లాసు

కంబగిరికి సరిగ్గా నిద్రపట్టక ఏడాదిన్నర అయింది.

ఊళ్లో అందరూ ఆయన్ను కంపౌండరు అంటారు. ఆస్పత్రి రోడ్డులో ముప్పై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాడు. ఎంతోమందికి నిద్రబిళ్లలు ఇచ్చిన చెయ్యి అది. తను మాత్రం ఒక్క బిళ్లా మింగలేదు. వాటికి అలవాటు పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

వెతికి వెతికి టీ దగ్గర ఆగాడు. ఆ ఆకులో మనిషిని మేలుకొలిపే కెఫీన్ ఒక్కటే కాదు, మనసును నెమ్మదిపరిచే థియనైన్ అనేది కూడా ఉంటుందని ఎక్కడో చదివాడు. పాలు కలపని పచ్చాకు టీ తెప్పించాడు. చిన్న త్రాసులో ఆకు తూచేవాడు. గడియారం చూసుకుంటూ మూడు నిమిషాలు నాననిచ్చేవాడు. తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి నాడి పట్టి చూసుకునేవాడు.

గుండెదడ కొంత తగ్గింది. అందులో అబద్ధం లేదు. కానీ సాయంత్రం ఐదయిందంటే లోపల ఏదో తవ్వినట్టుండేది. ఆ గుంతలో ఎంత టీ పోసినా నిండేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నమే షాపు మూసి గురువు దగ్గరికి పోయాడు.

ఆయన గురువు పాములేటయ్య నేతగాడు, అచల మార్గంలో నడిచే మనిషి. కాషాయం కట్టడు, విగ్రహం పెట్టడు. గుంటమగ్గంలో కాళ్లుపెట్టి నేస్తూనే శిష్యులతో మాట్లాడతాడు. ఆయనకంటే మగ్గమే ఎక్కువ మాట్లాడుతుంది.

కంబగిరి తన బాధ చెప్పి, చివర్లో అడిగాడు.

"నాడి నెమ్మదించింది సామీ. మనసు నెమ్మదించల్యా. ఎందుకు?"

"ఆకు మంచిదేనా?"

"మేలైన సరుకు సామీ."

"దినానికెంత తాగుతావు?"

"మూడు కప్పులు. ఇంకో కప్పు పెంచమంటారా?"

మగ్గం ఆగింది.

"షాపుకొచ్చినోళ్లకు మందెట్ల ఇస్తావప్పా?"

"ఎక్కడ నొప్పో అడిగి ఇస్తా."

"మరి నిన్ను అడిగినావా?"

గురువు మామూలుగానే అన్నాడు. కంబగిరికి మాత్రం ఆ మాట తగలరాని చోట తగిలింది.

"ఒకసారి నేను అడగల్యా సామీ," అన్నాడు చివరికి.

"ఎవర్ని?"

"మాబున్నిని. మన టైలరు దస్తగిరి భార్య. ఏడాదిన్నర కింద 'కడుపులో మంటన్నా' అంటూ షాపుకొచ్చింది. ఆ పొద్దు జనం కిక్కిరిసుండారు. 'ఏంల్యా చెల్లీ, గ్యాసు' అని బిళ్ల చేతిలో పెట్టి పంపించినా. అది గుండె నొప్పంట. తెల్లారేసరికి లేదు."

"మట్టి ఇచ్చేదానికి పోయినావా?"

"ఏ మొగం పెట్టుకుని పోయేది? వాడూ నేనూ ఒక పలక మీద రాసుకున్నోళ్లం. ఆ వీధిలో నడిచేదే మానేసినా."

"దస్తగిరి ఏమన్నాడు?"

"అనేదానికి నేను కనపడితే కదా సామీ."

పాములేటయ్య గుంటలోంచి లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పా, టీ తాగొద్దాం."

"నా సంచిలో ఆకుంది సామీ. నీళ్లు కాచుకుంటే చాలు."

"అది మందు. నేను టీ అంటాండా."

గురువు ఏ దారి పట్టాడో కాస్త ముందుకు పోయాకే కంబగిరికి అర్థమైంది. అది దస్తగిరి వీధి దారి. అయినా ఆగమని అనలేకపోయాడు.

మూలమీద టీకొట్టు చెన్నమ్మది. కంబగిరిని చూడగానే ఆమె గరిటె ఊపింది.

"ఏమప్పా కంపౌండరూ, దోవ తప్పినావా? ఆ టైలరప్పా రాడు, నువ్వూ రావు. నా టీలో ఎలుకలమందు గాని కనపడిందా మీకు?"

కంబగిరి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆయనకొక టీ ఇయ్యి తల్లీ, నాకొద్దు," అన్నాడు గురువు.

చెన్నమ్మ ఎత్తు నుంచి టీ తిరగబోసి, తెచ్చి బెంచీ మీద పెట్టింది. కంబగిరి చూశాడు. రెండు గ్లాసులు. రెంటిలోనూ సగం సగం.

ఇరవై రెండేళ్లు సాయంత్రం ఐదింటికి ఆ బెంచీ మీద తనూ దస్తగిరీ ఒక్క టీనే బైటూ చేయించుకుని తాగారు. చెప్పే పని కూడా ఉండేది కాదు. వాళ్లు కూర్చోగానే రెండు సగాలు వచ్చేవి.

చెన్నమ్మ నాలుక కరుచుకుంది.

"నా చెయ్యి పాడుగాను! నిన్ను చూస్తానే దాని పని అది చేసేసింది."

రెండో గ్లాసు తీసి మొదటి దాంట్లో కలపబోయింది. పాములేటయ్య ఆ గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టాడు.

"ఉండనీ."

ఆవిరి ఆయన వేళ్ల సందుల్లోంచి వస్తోంది. గ్లాసు అవతల బెంచీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునే మనిషి మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చేవాడు. మొదటి గుక్క తాగి, అల్లం తక్కువైందని రోజూ చెన్నమ్మతో జగడం పెట్టుకునేవాడు. రెండో గుక్కకు ఇద్దరికీ మాటలు అక్కర్లేకపోయేవి. ఊరంతా కదిలిపోతున్నా ఆ కాసేపు కంబగిరికి ఏ తొందరా ఉండేది కాదు. అప్పుడెప్పుడూ ఆయన నాడి పట్టి చూసుకోలేదు.

గురువు చెయ్యి తీశాడు.

"మీగడ కడుతుండాది. టైలరు అంగడి శానా దూరమా?"

చెన్నమ్మ అందుకుంది.

"యాడ దూరం సామీ! ఆ మలుపు తిరిగితే మిషను చప్పుడు ఇనపడ్తాది."

కంబగిరి రెండో గ్లాసు కేసి చూశాడు.

"పోయి ఏమని చెప్పేది సామీ?"

"వేడిగుంది, తాగు అని చెప్పు."

కంబగిరి లేచాడు. తన గ్లాసు బెంచీ మీదే వదిలి, రెండోది రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. టీ వేళ్ల మీద ఒలికింది. మలుపు తిరిగాడు. మిషను చప్పుడు వినిపించింది.

గుమ్మంలో నిలబడ్డాడు. దస్తగిరి తల పూర్తిగా తెల్లబడిపోయింది. నీడ పడినట్టు అతనికి తెలిసింది. అయినా మిషను ఆగలేదు. కుట్టు అంచుదాకా పోయింది. దస్తగిరి దారం పంటితో కొరికి, గుడ్డ మడిచి పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాడు.

కంబగిరి గ్లాసు ముందుకు చాచాడు.

దస్తగిరి ఆ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. కంబగిరి ఖాళీ చేతుల కేసి చూశాడు.

"నీదేదప్పా?" అన్నాడు.