జంబయ్యకు వన్స్ మోర్

ఊరి చివర దొడ్డిలో ఒక కోళ్ల గూడు ఉండేది. చుట్టూ ఇనుప వల, దానికో తలుపు. రోజూ సాయంత్రం ఆ వల ముందు కూర్చుని హైమావతి అనే బాతు లోపలి కోడిపిల్లలకు పాఠం చెప్పేది. గడ్డివాము వెనక పొంచి జంబయ్య అనే నక్క కూడా ఆ పాఠం వినేవాడు. చదువు మీద ప్రేమతో కాదు లెండి, పిల్లల మీద ప్రేమతో.

"నక్కను నమ్మకూడదు. ఏం చెయ్యకూడదు?" అని అడిగేది హైమావతి.

"నమ్మకూడదు," అనేవి పిల్లలు ఆవలిస్తూ. సగం పిల్లలు అప్పటికే నిద్రలో ఉండేవి.

ఆ ఆవలింతలంటే జంబయ్యకు ప్రాణం. పిల్లలు ఆవలించినంత కాలం అతని కడుపుకి లోటు లేదు. అతనికి తెలిసిన ఎత్తు ఒక్కటే. పగలు పిల్లల్ని మేతకు వదిలినప్పుడు దొడ్డి కంచె పక్కన పడుకుని, కాలికి ముల్లు గుచ్చుకుందని మూలగడం, ముక్కుతో లాగిపెట్టమని పిల్లల్ని బతిమాలడం. జాలిపడి దగ్గరికొచ్చిన పిల్ల మళ్లీ ఇంటికి పోయేది కాదు. పోయిన వానాకాలమంతా ఆ లేని ముల్లే అతనికి తిండి పెట్టింది.

చెప్పీ చెప్పీ హైమావతికి గొంతు పోయింది. ఒకరోజు పాఠం కట్టిపెట్టి నాటకం మొదలుపెట్టింది. ఎద్దు కోటిలింగానికి నక్క వేషం ఇచ్చి, తోకకు పాత చీపురు కట్టింది. కోటిలింగం ఎంత బరువైనా మోస్తాడు గానీ ఆ వేషం మాత్రం మోయలేకపోయాడు.

"నేను నక్కను," అన్నాడు నింపాదిగా. "మిమ్మల్ని తినేస్తాను. కాబట్టి నా దగ్గరికి రండి."

పిల్లలు పడీపడీ నవ్వాయి.

"తినేస్తానని ముందే చెబితే ఎవరొస్తారు మామా?" అంది చుక్కి అనే పిల్ల.

"అబద్ధమాడటం నాకు అలవాటు లేదమ్మా," అన్నాడు కోటిలింగం దిగులుగా.

గడ్డివాము వెనక జంబయ్యకు ఒళ్లు మండిపోయింది. నక్కంటే ఇదా! తాతల నాటి విద్యను ఇంత నవ్వులపాలు చేస్తారా! ఇక ఆగలేకపోయాడు. గోనెసంచి కప్పుకుని, మొహానికి బూడిద పూసుకుని ముందుకొచ్చాడు.

"అమ్మా, నేను పక్కూరి నాటక సమాజంలో నటుణ్ణి. దారిన పోతూ చూశాను. ఈ నక్కను చూసి తట్టుకోలేకపోయానమ్మా."

హైమావతి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. గోనెసంచి కిందినుంచి తోక కొస కనబడుతోంది. వల తలుపుకి గడియ పడే ఉందని చూసుకుంది. తను కోటిలింగం పక్కకు జరిగి నిలబడింది.

"రండి బాబూ, మా అదృష్టం! మీరు వలకు ఇవతలే ఆడండి. ఆట బాగుంటే సన్మానం కూడా చేస్తాం. పిల్లలే బయటికొచ్చి మీ మెడలో దండ వేస్తారు."

పిల్లలే బయటికొచ్చి! జంబయ్య నోట్లో నీళ్లూరాయి. దబ్బున కింద పడి ఎడమ కాలు పట్టుకున్నాడు.

"అమ్మా, ముల్లు! కళ్లు కనబడని ముసలాణ్ణి. నీ బుల్లి ముక్కుతో లాగిపెట్టు తల్లీ!"

ఆ మూలుగుకు కోటిలింగం నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"వన్స్ మోర్!" అని అరిచింది హైమావతి. పిల్లలూ అందుకున్నాయి.

నాటకాల వాళ్ల సంగతి తెలుసుగా. ఆ కేక చెవిన పడితే చచ్చిపడిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ మొదలుపెడుతుంది. జంబయ్య లేచాడు, దణ్ణం పెట్టాడు, మళ్లీ పడ్డాడు. మళ్లీ కేక, మళ్లీ ముల్లు. కాసేపటికి పిల్లలు కూడా అతనితో పాటే ఆ మాటలు పలుకుతున్నాయి.

"ముల్లు తీయడానికి వచ్చిన పిల్ల తర్వాత ఇంటికి వెళ్లిందా మామా?" అడిగింది చుక్కి.

"వెళ్లలేదమ్మా," అన్నాడు జంబయ్య మెప్పుల మత్తులో. "ఏ పిల్లా వెళ్లదు."

నవ్వులు ఆగిపోయాయి. చుక్కి వాళ్లక్క పోయిన వానాకాలంలో బయటికెళ్లి తిరిగి రాలేదు.

"వన్స్ మోర్," అంది హైమావతి మెల్లగా. ఈసారి ఏ పిల్లా ఆవలించలేదు.

ఆట ముగిశాక, "దండ ఇంకా కట్టలేదు బాబూ, సన్మానం రేపు మధ్యాహ్నం," అని పంపించేసింది.

మర్నాడు జంబయ్య గోనెసంచి, బూడిద లేకుండానే వచ్చాడు. గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. బాతు జాడ లేదు. పిల్లలు కంచె దగ్గర గింజలు ఏరుకుంటున్నాయి. నిన్నటి నటుడూ ఇవాళ్టి నక్కా ఒక్కరేనని ఈ పసివాళ్లకేం తెలుస్తుంది అనుకుని దండ మాట పక్కన పెట్టి కంచె పక్కన పడ్డాడు.

"అమ్మా, ముల్లు..."

పిల్లలు తలలెత్తాయి. దగ్గరికి మాత్రం రాలేదు.

"కళ్లు కనబడని ముసలాణ్ణి!" అని అందించాయి అన్నీ కలిసి.

జంబయ్య గతుక్కుమన్నాడు. "అ... అవునమ్మా. నీ బుల్లి..."

"ముక్కుతో లాగిపెట్టు తల్లీ!"

"కాలు మారింది మామా," అంది చుక్కి. "ముల్లు ఎడమ కాలికి కదా?"

జంబయ్య గబుక్కున కాలు మార్చుకున్నాడు.

"ఈ మాటలు ఎక్కడ వినబడినా ఏమని అరవాలో మా టీచరమ్మ చెప్పింది," అంది చుక్కి. "అరవండే!"

"వన్స్ మోర్!"

దొడ్డి దద్దరిల్లింది. ఆ కేక కోసమే పాక వెనక కాచుకున్న కుక్క భద్రుడు ఒక్క దూకు దూకాడు. వెనకే కొమ్ములు వంచి కోటిలింగం, రెక్కలు విదిలిస్తూ హైమావతి. జంబయ్య కాళ్లకు బుద్ధి చెప్పాడు. గట్టెక్కాడు. ఇంకో అడుగు వేస్తే తుప్పల్లో మాయమయ్యేవాడే. సరిగ్గా అప్పుడే వెనకనుంచి పిల్లలన్నీ మరోసారి అరిచాయి.

"వన్స్ మోర్!"

పాపం, కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి దణ్ణం పెట్టబోయాడు. భద్రుడికి ఆ మాత్రం వ్యవధి చాలు. జంబయ్య ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, తోకలో సగం భద్రుడి నోట్లో ఉండిపోయింది.

ఇప్పుడు దొడ్డిలో కొత్త పిల్లలు పుట్టినప్పుడల్లా ఆ నాటకం ఆడతారు. కోటిలింగం చీపురు మానేసి ఆ అసలు తోకే కట్టుకుంటాడు. నటన మాత్రం ఏమీ మారలేదు.

నీతి: చెబితే నిద్రపుచ్చే పాఠం ఆడి చూపిస్తే మేలుకొలుపుతుంది, మెప్పుకు ఆశపడ్డ మోసగాడైతే దాన్ని దగ్గరుండి నేర్పి మరీ పోతాడు.