వంకరముక్కు పెట్ట, ఆకువక్కల రోలు

కాళ్ళు తన్నుకోకండర్రా! కథ చెప్పమని ప్రాణం తీసేదీ మీరే, చెబుతుంటే జుట్లు పీక్కునేదీ మీరే. ఇందాక ఆకూ వక్కా దంచిపెట్టవే అంటే మూతి మూడు వంకర్లు తిప్పింది ఎవరు? నువ్వు కాదుటే మాణిక్యం? కథకి మాత్రం ముందుంటావు. సరే, పడుకోండి. ఊ కొట్టకపోతే మధ్యలోనే వదిలేస్తాను, ఆనక మీ ఇష్టం.

అనగా అనగా, ఏ ఊరని అడక్కండి, ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మని ఒక అత్త ఉండేదిట. ఆవిడ నోరు ఊరంత, నోట్లో పన్ను మాత్రం ఒక్కటి లేదు. నా నోటికేసి చూడకు చంటోడా, నేను చెప్పేది ఆవిడ సంగతి. ఆవిడ కోడలు సత్తెమ్మ. కాపరానికొస్తూ పుట్టింటినించి ఒక పెట్టపిల్లని చంకన పెట్టుకొచ్చింది. వాళ్ళమ్మ పెంచి ఇచ్చిన పెట్ట. ఆ అమ్మ ఆ ఏడే పోయింది పాపం. ఇహ సత్తెమ్మకి పుట్టిల్లన్నా అదే, అమ్మ అన్నా అదే.

ఆ పెట్ట పెరిగేకొద్దీ ముక్కు పైది ఇటూ, కిందది అటూ పోయింది. కత్తెర తెరిచిపెట్టినట్టు. గింజ పొడిస్తే గింజ జారేది. నూక పొడిస్తే నూక జారేది. పురుగుని పొడిస్తే ఆ పురుగు తీరిగ్గా నడిచి వెళ్ళిపోయేది. ఈలోగా తక్కిన కోళ్ళొచ్చి దీన్ని తోసేసి అంతా మెక్కేసేవి. మరి బక్కచిక్కిపోదూ?

ఊ కొడుతున్నారా? ఆఁ.

వచ్చే ఆదివారం అల్లుడొస్తున్నాడు, దాన్ని కోసెయ్యమంది అత్త. బక్కది, పులుసుకైనా రాదని కోడలు బతిమాలింది. బక్కదైతే మేత దండగ, అందుకే కొయ్యాలంది. పోనీ బలిస్తేనో అంటే, బలిస్తే కూర రుచి, అప్పుడూ కొయ్యాలంది! అలాంటి మనిషితో ఎలా వేగడం చెప్పండి?

పాపం సత్తెమ్మ ఊరంతా తిరిగింది. కమ్మరిని అడిగితే పట్టకారుతో తిప్పేస్తా తెమ్మన్నాడు. భూతవైద్యుణ్ణి అడిగితే చింతచెట్టు దెయ్యం ముక్కు మెలిపెట్టింది, తాయెత్తు కట్టమన్నాడు. రాజుగారి వైద్యుణ్ణి అడిగితే ముక్కు చుట్టూ మూడు రోజులు గుడ్డ బిగించమన్నాడు. మూడు రోజులు నోరు కట్టేస్తే అదేం తింటుందిరా తెలివితక్కువ సన్నాసీ! అందరూ దాని ముక్కు చూసినవాళ్ళే గానీ, దానికి మేత ఎలా పెడుతున్నారో చూసినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

నిద్రపోయారా? ఊ అనండి. గట్టిగా.

ఒకనాడు సత్తెమ్మ అట్లకని నానిన బియ్యం రుబ్బురోట్లో పోసి నూతి దగ్గరికి వెళ్ళింది. వచ్చేసరికి ఏముందీ, పెట్ట రోలెక్కి, మెడదాకా లోపలికి దూర్చి, కింది ముక్కుతో బియ్యం తోడుకు తోడుకు తింటోంది! జారిపోయినా రోట్లోకే జారుతుంది, మళ్ళీ తోడుకోవచ్చు. సత్తెమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఓసి పిచ్చి మొహమా, ఆకలి లేక కాదుటే, నేలమీద నోటికందక మాడావా ఇన్నాళ్ళూ అనుకుంది.

సరిగ్గా అప్పుడే దిగబడింది అత్త. లక్ష్మీదేవిలాంటి రోట్లో కోడి మూతి పెట్టిందా, నా రోలు ఎంగిలి చేసిందా, ఆదివారందాకా ఎందుకు, సాయంత్రమే కోసేస్తానని వీధి వీధంతా వినబడేలా అరిచింది.

భోజనాలయ్యాక సత్తెమ్మ అత్త ముందు ఆకులూ వక్కలూ పెట్టింది. రోజూ చిన్న రోట్లో మెత్తగా దంచి ముద్ద చేసి ఇచ్చేది, ఆవేళ దంచలేదు. వక్క వక్కే, ఆకు ఆకే. అత్త వక్క నోట్లో వేసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, జారి ఒళ్ళో పడింది. మళ్ళీ వేసుకుంది, మళ్ళీ పడింది. నాకు పళ్ళు లేవని తెలీదుటే అని ఇంతెత్తున ఎగిరింది.

తెలుసత్తా, అందుకేగా ఇన్నాళ్ళూ దంచిపెట్టాను, అంది సత్తెమ్మ. అంతే.

అచ్చియ్యమ్మ ఒళ్ళో వక్కకేసి చూసింది. పెరట్లో పెట్టకేసి చూసింది. ఆనక గొణుక్కుంటూ లేచి, ఆకువక్కల రోలు తనే పెరట్లోకి మోసుకెళ్ళి, అందులో తవుడూ నూకా నీళ్ళతో కలిపి, తక్కిన కోళ్ళు రాకుండా గంప అడ్డంపెట్టి, పెట్టకి పెట్టింది. తిన్నాక చెంగుతో దాని మూతి తుడిచింది. మర్నాటినించీ అదే వరస. ముందు తన వక్క, కడిగి దాని తవుడు. తింటావా చస్తావా అని తిడుతూనే, రోజూ తన చేత్తోనే పెట్టింది.

ఆదివారం అల్లుడొచ్చాడు. విస్తట్లో పప్పూ, వంకాయ కూరా. కోడి లేదా అత్తయ్యా అని అడగనే అడిగాడు. ఉంది బాబూ, అది పెరట్లో తింటోంది, మీరిక్కడ తినండి, అందిట. నా రోట్లో తిన్నదాన్ని నేనెలా కొయ్యను అందిట. సత్తెమ్మ తలుపు చాటుకెళ్ళి కళ్ళొత్తుకుంది.

గుడ్లు పెట్టిందా అంటావేంట్రా మధ్యలో? పెట్టే ఉంటుందిలే. తినట్లేదని ఎవర్నైనా తిట్టేముందు, తినేలా పెట్టామా అని చూసుకోవాలి. అదీ సంగతి. కథ కంచి దారి పట్టింది, పెట్ట గంప కిందికెళ్ళింది, మీరు దుప్పట్లోకి పదండి.

ఎక్కడికే మాణిక్యం, లేస్తున్నావు? రోలా? ఇప్పుడొద్దులే, పడుకో. చెబితే వినవు కదా. ఆఁ, సరే, తెచ్చావుగా. మెత్తగా దంచు తల్లీ.